జ్వరమొచ్చి తిండి మానేసినా ఇన్సులిన్ మానకూడదు

మా వైపు ఎవరికి జ్వరమొచ్చినా పెద్దవాళ్లు ముందు అనే మాట "లంఖణం పరమౌషధం". ఆ మాట పట్టుకుని నేను మా అబ్బాయి ప్రాణం మీదకి తెచ్చాను. మాది పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. వాడికి తొమ్మిదో ఏట టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం, బయటపడింది, ఇప్పుడు పదిహేనేళ్లు. మొదటి ఏడాది వానాకాలంలోనే జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కదా, ఇంజెక్షన్ చేస్తే షుగర్ పడిపోతుందని భయపడి రెండు పూటలు ఆపేశాను. సాయంత్రానికి వాడు ఊపిరి లోతుగా, గబగబా తీస్తున్నాడు. దగ్గరికెళితే నోట్లోంచి అరటి గెలలు మగ్గేసిన గది వాసన. జ్వరం ఎక్కువై ఆయాసపడుతున్నాడనుకున్నాను. అమలాపురం చేరేసరికి షుగర్ 480. రెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు.

తిండి లేకుండా షుగర్ ఎలా పెరుగుతుందని అప్పుడు నాకూ అర్థం కాలేదు. ఒంట్లో జబ్బు చేరగానే కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఎక్కువవుతాయి. అవి కాలేయంలో ఉన్న చక్కెరని రక్తంలోకి తోస్తాయి, ఇన్సులిన్‌ని సరిగా పని చేయనివ్వవు. అంటే జ్వరంలో చాలాసార్లు ఇన్సులిన్ మామూలు కన్నా ఎక్కువే కావాలి. అది అందకపోతే ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటుంది, అప్పుడు కీటోన్లు అనే ఆమ్లాలు తయారవుతాయి. నేను పసిగట్టలేకపోయిన ఆ వాసన వాటిదే.

అందుకే మొదటి పని, రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఆపకండి. మా వాడికి రాత్రి చేసే గ్లార్జిన్ అలాంటిది. అన్నానికి ముందు చేసేది మాత్రం తిన్నదాన్ని బట్టి, మీటరు చూపించేదాన్ని బట్టి మారుతుంది. విరేచనాలు పట్టుకుని షుగర్ కిందికి జారుతుంటే గ్లార్జిన్ కూడా డాక్టరు తగ్గించమనవచ్చు. తగ్గించడం వేరు, ఆపడం వేరు. 30/70 లాంటి, త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం తినలేని పూట ఎన్ని యూనిట్లు వేసుకోవాలో ఫోన్ చేసి అడగాల్సిందే, సొంత లెక్క వద్దు.

షుగర్ రెండు మూడు గంటలకోసారి చూస్తాను. రాత్రి కూడా అలారం పెట్టుకుని లేస్తాను. వేలు గుచ్చే ముందు చెయ్యి కడిగి తుడవండి. ఒకసారి మామిడిపండు రసం అంటిన వేలితో చూస్తే 310 చూపించింది, కడిగి చూస్తే 160.

కీటోన్లు చూడటానికి మూత్రంలో ముంచే స్ట్రిప్పుల సీసా చవకైనది. చిన్న ఊళ్లలో అన్ని మందుల షాపుల్లోనూ ఉండదు, ముందే చెప్పి తెప్పించుకోండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మూత గట్టిగా పెట్టాలి, లేకపోతే స్ట్రిప్పులు పాడై తప్పు రంగు చూపిస్తాయి. షుగర్ 250 దాటినా, వాంతి అయినా, కడుపునొప్పి అన్నా వెంటనే చూస్తాను. వేలి రక్తంతో చూసే మీటరు ఉంటే ఇంకా మేలు. అందులో 0.6 లోపు ఉంటే భయం లేదు, 1.5 దాటితే డాక్టరుకి ఫోన్ చేయాలి, 3 దాటితే ఆసుపత్రికి బయలుదేరాలి.

కీటోన్లు కనిపిస్తే అదనంగా ఎంత ఇన్సులిన్ వేయాలో మా డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. మా వాడు రోజు మొత్తం మీద వాడేది 30 యూనిట్లు. కీటోన్లు ఓ మోస్తరుగా ఉంటే త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఇంకో 3 యూనిట్లు వేసి, రెండు గంటల తర్వాత మళ్లీ చూడమన్నారు. అది వాడి లెక్క, ఇంకొకరికి పనికిరాదు. మీది మీరు ఒంట్లో బాగున్న రోజునే రాయించుకుని దగ్గర పెట్టుకోండి. అర్ధరాత్రి టెన్షన్‌లో ఏదీ గుర్తుండదు.

ఇక వంటింటి సంగతి. నీళ్లు ఒక్కసారి గ్లాసుడు తాగిస్తే కక్కేస్తాడు, అందుకే చెంచాతో ఐదేసి నిమిషాలకోసారి పోస్తాను. షుగర్ ఎక్కువగా ఉంటే నీళ్లు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, చారు. షుగర్ తగ్గుతూ, అన్నం సయించకపోతే గంజి, సగ్గుబియ్యం జావ, కొబ్బరినీళ్లు. కొబ్బరి చెట్ల మధ్య ఉంటాం కాబట్టి బొండాం నీళ్లు మందు అనుకుంటాం గానీ, అందులోనూ చక్కెర ఉంటుంది, లెక్కలో వేసుకోవాలి. వాంతులు, విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలో కలిపి ఇవ్వండి. అందులో గ్లూకోజ్ ఉందని మానేయకండి. షుగర్ 70 కన్నా తగ్గితే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. ఇన్సులిన్ వేసినప్పుడు షుగర్ పడిపోకుండా ఒంటికి కాస్త పిండిపదార్థం కూడా అందాలి, పూర్తిగా కడుపు మాడ్చకూడదు.

షుగర్‌కి మాత్రల మీద ఉండే పెద్దవాళ్ల సంగతి వేరు. మా అత్తయ్యగారు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడతారు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ రెండూ తాత్కాలికంగా ఆపమంటారు. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకి షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు రావచ్చు, మీటరు చూసి ధైర్యపడకూడదు. గ్లిమెపిరైడ్ అనే మాత్ర వేసుకుని అన్నం తినకపోతే షుగర్ పడిపోతుంది. ఏది ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి.

నాలుగు గంటలుగా వాంతులు ఆగకపోతే, అదనపు ఇన్సులిన్ వేసినా కీటోన్లు తగ్గకపోతే, ఊపిరి లోతుగా మారితే, పిల్లాడు మగతగా ఉంటే ఇంక ఇంట్లో ఉండకండి. 108కి ఫోన్ చేసినా, ఆసుపత్రి గుమ్మంలో అయినా మొదటి మాటగా "టైప్ 1, ఇన్సులిన్ మీద ఉన్నాడు, కీటోన్లు ఉన్నాయి" అనాలి. జ్వరం, కడుపునొప్పి అని మొదలుపెడితే మామూలు గ్యాస్ట్రిక్ అనుకునే ప్రమాదం ఉంది.

మాలాంటి లంకవాళ్లకి ఇంకొకటి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కాజ్‌వే మునిగి, కరెంటు పోయి, పడవే దిక్కయింది. అప్పటి నుంచి జులై రాకముందే నెలకి సరిపడా ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు, మీటరు బ్యాటరీ ఒక మూతున్న డబ్బాలో సర్దుతాను. కరెంటు లేకపోతే తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇన్సులిన్ పెడతాను. ఐసు దొరికినా నేరుగా తగలనివ్వను, ఎందుకంటే ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పారేయాల్సిందే.