షేడింగ్ ఇంకు అసలు రంగు తెలియాలంటే

ఫౌంటెన్ పెన్నుకి కొత్త షేడింగ్ ఇంకు (ఒకే గీతలో ముదురుగా, లేతగా కనిపించే ఇంకు) తెచ్చుకుంటే, పెన్నులో నింపే ముందు గ్లాస్ పెన్నో డిప్ నిబ్బో ముంచి నాలుగు లైన్లు రాసి చూడండి. మామూలు నోట్‌బుక్ కాగితం మీద మాత్రం వద్దు. అది ఇంకును వెంటనే పీల్చేసుకుంటుంది, రంగంతా ఒకేలా కనిపిస్తుంది. టోమోయె రివర్, రోడియా లాంటి నున్నటి కాగితం మీదైతే తడి కాసేపు పైనే నిలుస్తుంది. గీత చివర ఇంకు చేరిన చోట ముదురుగా, మిగతా చోట లేతగా ఆరుతుంది. డయామిన్ కంపెనీ వాళ్ల ఏన్షెంట్ కాపర్ అనే ఇంకులో ఈ తేడా ఎంత అందంగా ఉంటుందో! సన్నగా రాసే ఫైన్ నిబ్ కన్నా లావుగా రాసే బ్రాడ్, మొన చదునుగా ఉండే స్టబ్ నిబ్‌లతో ఇంకా బాగా తెలుస్తుంది. అలాగని ఇంకు మరీ ఎక్కువగా వదిలే పెన్ను వాడితే అంతా ముదురైపోతుంది. ఈ కాగితాల మీద ఆరడానికి టైమ్ పడుతుంది, వెంటనే పేజీ తిప్పకండి.