యుకాతాకు నీలం అద్దే ముందు

వేసవిలో జపాన్‌వారు వేసుకునే, అస్తరు లేని నూలు కిమోనోయే యుకాతా. తొలిసారి కుట్టేవారు పట్టు జోలికి పోకుండా దీనితోనే మొదలుపెట్టడం మేలు.

• కిమోనో గుడ్డ వెడల్పు సుమారు 36–38 సెంటీమీటర్లు, పొడవు దాదాపు 12 మీటర్లు. మన 44 అంగుళాల పన్నాను నిలువుగా మూడు పట్టీలు చేస్తే ఇంచుమించు అదే వెడల్పు వస్తుంది. మూడు పట్టీలూ కలిస్తే 12 మీటర్లు కావాలి కాబట్టి నాలుగు మీటర్ల గుడ్డ సరిపోతుంది; కానీ తడిస్తే కుంచించుకుపోతుంది కనుక నాలుగున్నర మీటర్లు కొనండి. కత్తిరించిన అంచుల్లో పోగులు ఊడతాయి, కుట్టుకు కాస్త ఎక్కువే వదలండి.

• కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. బట్టల సోడా వేసిన వేడినీళ్లలో ఉడికించి, బాగా జాడించండి. బద్ధకించి ఈ పని వదిలేస్తే మచ్చలు మచ్చలుగా రంగు పడుతుంది. ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు.

• ముందు రంగు, తర్వాతే కుట్టు. కుట్టాక ముంచితే మడతల్లోకి రంగు దిగదు, పాలియెస్టర్ దారమైతే తెల్లగా బయటపడుతుంది.

• నీలిమందు తొట్టిలో వాడే సోడియం హైడ్రోసల్ఫైట్‌కు తడి తగిలితే వేడెక్కి మంట కూడా అంటుకోవచ్చు. డబ్బా పొడిగా ఉంచండి. రబ్బరు తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. వంటగిన్నెలు వద్దు.

• గుడ్డకు ముడులు కట్టి రంగులో ముంచి డిజైను వేస్తుంటే, ముఖ్యమైనదాన్ని వేసుకునేవారి ఎడమ ముందుభాగంలో పెట్టండి. ఎడమ అంచే పైకి వస్తుంది. కుడి అంచు పైకి చుట్టేది శవానికి.