ఇంట్లోనే కెమెరా స్టెబిలైజర్ – మూడో పాఠం: తూకం

గత పాఠంలో అల్యూమినియం గొట్టాన్ని నిలువు కడ్డీగా కోసి, దానికి కీలును, కీలుకు పిడిని బిగించుకున్నాము. ఇక మిగిలినది తూకం. బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషం వెంట ఇరుకు వీధిలో నడుస్తూ తీసిన వీడియో కుదుపు లేకుండా రావాలంటే పనితనమంతా ఇక్కడే చూపాలి.

ముందు, కెమెరాను కడ్డీ పైకొసన ఉండే పళ్లేనికి బిగించే బోల్టు సంగతి. కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళానిది, అంటే 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 చుట్లు. దాని బదులు ఆరు మిల్లీమీటర్ల బోల్టు చేతికొస్తే చూపుకు తేడా తెలియదు. అది వదులుగా ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది, బలవంతం చేస్తే కెమెరా మరే పాడవుతుంది. అందువల్ల ఏదైనా ట్రైపాడ్ మరను వెంట తీసుకువెళ్లి, కొట్లోనే రెండింటినీ పక్కపక్కన ఆనించి పళ్లు కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

అడుగున ఎంత బరువు వేలాడదీస్తే అంత నిలకడ అని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు కన్నా దూరమే ఎక్కువ పని చేస్తుంది. 600 గ్రాముల కెమెరా కీలుకు 15 సెంటీమీటర్లు పైన ఉందనుకుందాం. కీలుకు కింద కూడా 15 సెంటీమీటర్లలోనే తూకం కుదరాలంటే మరో 600 గ్రాముల వాషర్లు కావాలి. వాటిని 45 సెంటీమీటర్లు కిందికి దించితే 200 గ్రాములు చాలు. జడత్వం, అంటే కుదుపుకు కదలకుండా ఎదిరించే గుణం, దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గొట్టం బరువును పక్కన పెట్టి లెక్కిస్తే, రెండో అమరికకు మొదటిదానికి రెట్టింపు జడత్వం వస్తుంది, చేతి మీది భారం మాత్రం 400 గ్రాములు తగ్గుతుంది. రాత్రంతా ఊరేగింపు వెంట తిరిగేవారికి అది చిన్న సంగతి కాదు. అలాగని గొట్టాన్ని మరీ పొడుగు చేస్తే మోకాలికి తగులుతుంది.

తూకం చూసేటప్పుడు బ్యాటరీ, కార్డు లోపల ఉండాలి, లెన్సు మూత తీసి ఉండాలి, పక్క తెర తెరిచి ఉండాలి. తెర తెరవగానే కెమెరా ఆ పక్కకు ఒరగడం మీకే కనిపిస్తుంది. పళ్లెం మీద దాన్ని రెండో పక్కకు కొద్దికొద్దిగా జరుపుతూ కడ్డీ నిటారుగా నిలిచేదాకా సర్దండి. ముందూ వెనకా కూడా ఇంతే.

ఆ తరువాత పిడి పట్టుకుని, కడ్డీని నేలకు సమాంతరంగా ఎత్తి వదలండి. కింది కొస నిలువుకు చేరడానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. ఒక్క సెకనులో పడిపోతే అడుగు బరువెక్కినట్లే. మీరు నడక మొదలుపెట్టినప్పుడు ఆ కొస వెనకబడుతుంది, ఆగినప్పుడు ముందుకు ఊగుతుంది. నాలుగైదు సెకన్లు పడితే చిరుగాలికే ఒరుగుతుంది. తేడా ఎక్కువగా ఉంటే వాషరు తీయండి లేదా చేర్చండి. కొద్దిగా ఉంటే కీలునే జరపండి, వేగంగా పడుతుంటే కిందికి, నెమ్మదిగా పడుతుంటే పైకి. ఒక్క మిల్లీమీటరుకే తేడా తెలుస్తుంది. ఆగుతూ సాగే ఊరేగింపులకు నేను మూడు సెకన్లకే మొగ్గుతాను. గోపాల్‌పూర్ తీరాన సముద్రపు గాలిలో మాత్రం రెండే నయం.

కుదిరిన చోట గొట్టం మీద మార్కరుతో గీత గీసి, వాషర్ల కింది నట్టుకు మరో నట్టు బిగించండి. నడక వచ్చే పాఠంలో నేర్చుకుందాం. ఈలోగా పిడిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్లతో గొట్టాన్ని తాకీ తాకనట్లు తిప్పడం సాధన చేయండి.