పేషంట్‌కి చెడ్డ వార్త ఎట్ల చెప్పాలె

నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు దవాఖానలల్ల కొత్తగ డ్యూటీల చేరిన డాక్టర్లు ఇది జర చదవుండ్రి. బయాప్సీ రిపోర్ట్‌ల క్యాన్సర్ అని వస్తే కారిడార్ల నిలబడి చెప్పొద్దు, ఓపీ ఎంత రష్ ఉన్నా సరే ఒక రూమ్ చూస్కొని, తలుపు దగ్గరికేసి, ఫోన్ సైలెంట్‌ల పెట్టి, మీరు గూడ కూసొని మాట్లాడాలె. చెడ్డ వార్త చెప్పేతందుకు 2000 సంవత్సరంల వచ్చిన స్పైక్స్ (SPIKES) అనే ఆరు మెట్ల పద్ధతిల మొదటిది గిదే.

ముందు అడగాలె, తర్వాతనే చెప్పాలె. "పెద్దమ్మా, నీ జబ్బు గురించి నీకేం తెల్సు? రిపోర్ట్ సంగతి నీకే చెప్పాల్నా, నీ కొడుకుతోని మాట్లాడాల్నా?" అని. మన దగ్గర కొడుకులే ముందుగాల వచ్చి "సార్, అమ్మకు చెప్పకుండ్రి, తట్టుకోలేదు" అంటరు, వాళ్ల మీద కోపానికి రావొద్దు, వాళ్ల భయమేందో మొత్తం విని, ఆమె తెలుసుకుంటనంటే మాత్రం దాచలేమని నెమ్మదిగ చెప్పాలె, ఎందుకంటే జబ్బు ఆమెది.

మెటాస్టాసిస్ (క్యాన్సర్ ఒంట్ల వేరే దిక్కుకు పాకుడు) లాంటి డాక్టర్ మాటలొద్దు. "రిపోర్ట్ మనమనుకున్నంత మంచిగ రాలేదమ్మా" అని, కొంచెం ఆగి, క్యాన్సర్ అని సాఫ్‌గ చెప్పుండ్రి. ఆ తర్వాత సప్పుడు చెయ్యకుండ కూసోవాలె. ఏడిస్తే ఏడ్వనియ్యుండ్రి, నీళ్లియ్యుండ్రి. "ఏం గాదు" అని ఉత్త మాట అనొద్దు, "ఇంక చేసేదేం లేదు" అని అస్సలే అనొద్దు, నొప్పి తగ్గించుడు గూడ వైద్యమే.

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు పంపిస్తుంటే ఏ రిపోర్ట్‌లు పట్టుకపోవాలె, ఆరోగ్యశ్రీకి ఏం కావాలె, అన్నీ కాగితం మీద రాసియ్యుండ్రి, ఆ షాక్‌ల విన్నది సగం యాదికుండదు. మళ్ల మిమ్మల్ని ఎప్పుడు కలవాల్నో ఆ తారీఖు గూడ అండ్లనే రాయుండ్రి.