ఫోన్లు, ల్యాప్‌టాప్‌లతో దేశం దాటడం ఎలా?

ప్రయాణం రేపనగా రాత్రి పదకొండింటికి ఎవరో ఒకరు నాకు ఫోన్ చేసి, "రెండు ల్యాప్‌టాప్‌లు తీసుకెళ్లొచ్చా?" అని అడుగుతారు. ఆ మాట వారం ముందే అడగాలి. కింద రాసినవి దాదాపు అన్నీ వారం ముందు, ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పనులే.

సామాను సర్దడం

పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చేతి బ్యాగులోనే ఉండాలి. వాటి సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చూస్తారు. లెక్క సులువు: వాటి మీద రాసున్న ఎంఏహెచ్‌ని వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగించండి. 20,000 ఎంఏహెచ్, 3.7 వోల్టులైతే 74 వాట్-అవర్లు. 100 దాకా మామూలుగా ఒప్పుకుంటారు, 100 నుంచి 160 దాకా విమానసంస్థ అనుమతి కావాలి, ఆపైన ఆశ వదులుకోండి. పైన అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును ఇంట్లోనే వదిలేయండి.

డ్రోన్, శాటిలైట్ ఫోన్, ఈ-సిగరెట్ లాంటివి ఉంటే దిగబోయే దేశం రూల్స్ చదవండి. మొరాకోలో డ్రోన్‌ను కస్టమ్స్‌లోనే ఆపేస్తారు. సింగపూర్‌లో ఈ-సిగరెట్ దగ్గర ఉండటమే నేరం. భారత్‌లో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్‌తో దొరికితే అది పోలీసుల దాకా పోతుంది.

మీదేనని రుజువు

ఖరీదైన ప్రతి వస్తువు సీరియల్ నంబర్ ఒక కాగితం మీద రాసి, బిల్లు కాపీ జత చేయండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మీ పాత కెమెరాకే సుంకం అడగొచ్చు. బయల్దేరే ముందే నమోదు చేసే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది: అమెరికాలో దానికి 4457 నంబరు ఫారం, భారత్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. షూటింగ్ సామాను లాంటిదైతే ఏటీఏ కార్నే (తాత్కాలికంగా తీసుకెళ్లి వెనక్కి తెచ్చే సామానుకు సుంకం పడకుండా ఇచ్చే కస్టమ్స్ పత్రం) తీసుకోవాలి. ఇక సీల్ తీయని ఫోన్లు మూడు పెట్టుకుని, సుంకం కట్టాల్సిందేమీ లేనివాళ్ల దారైన గ్రీన్ ఛానెల్‌లో నడిచేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. డిక్లేర్ చేయండి, అంతే.

లోపల ఏముంది?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. చాలా దేశాల్లో సరిహద్దు అధికారులు ఫోన్ తెరిచి చూడొచ్చు. న్యూజిలాండ్‌లో 2018 చట్టం ప్రకారం, తగిన అనుమానం ఉండి అడిగినప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వకపోతే 5,000 న్యూజిలాండ్ డాలర్ల దాకా జరిమానా. అమెరికాలో పౌరుణ్ణి దేశంలోకి రానివ్వక తప్పదు గానీ ఫోన్‌ను ఉంచేసుకోవచ్చు. వీసా మీద వచ్చినవాళ్లనైతే వెనక్కి పంపేయనూవచ్చు. ఇస్తారా ఇవ్వరా అన్నది ఇంట్లో తేల్చుకోండి, కౌంటర్ ముందు కాదు.

"ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తే సరి" అనే బ్యాచ్ ఒకటుంది. నాకు నచ్చదు. కాంటాక్టులూ ఫొటోలూ లేని ఖాళీ ఫోన్ చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మామూలు ఫోన్ మామూలుగానే కనబడాలి. ఆఫీసు ఫైళ్లు, బ్యాంకు కాగితాలు, ఇతరుల రహస్యాలు మాత్రం అందులో ఉండకూడదు. వాటిని క్లౌడ్‌లోకి ఎక్కించి ఆ యాప్ నుంచి లాగౌట్ అవ్వండి. ఫొటోలు డిలీట్ చేశాక 'రీసెంట్లీ డిలీటెడ్' కూడా ఖాళీ చేయాలి, లేదంటే నెల రోజులు అక్కడే ఉంటాయి.

అసలు ప్రమాదం మీరు తీసిన ఫొటోల్లో లేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో పంపగా, మీరు చూడకుండానే గ్యాలరీలో పడ్డ వీడియోల్లో ఉంది. దాన్ని పంపిందెవరో అధికారికి అనవసరం, ఉన్నది మీ ఫోన్‌లో. ఆటో డౌన్‌లోడ్ ఈరోజే ఆపేయండి.

ఇంకో చిక్కు. అన్నీ క్లౌడ్‌లో పెట్టి దిగాక లాగిన్ అవబోతే ఓటీపీ అడుగుతుంది. అది వచ్చేది పాత సిమ్‌కు, ఆ సిమ్‌కేమో రోమింగ్ లేదు. నేను ఒకసారి ఇలాగే రెండు రోజులు నా మెయిల్ బయటే కూర్చున్నాను. అప్పటి నుంచి ఓటీపీ బదులు కొట్టే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి, ఫోన్‌తో కాకుండా బట్టల్లో పెడతాను. బయల్దేరే ముందు వేరే ఫోన్‌లో ఆ కోడ్‌తో ఒకసారి లాగిన్ అయి చూడండి. ఒకసారి వాడిన కోడ్‌ను మాత్రం కొట్టేయండి, అది మళ్లీ పనిచేయదు.

ఒక హెచ్చరిక: ఈ శుభ్రం చేసే పని క్యూలో నిలబడి చేయకండి. అధికారి ఎదుట డిలీట్ చేయడం, "నా ఫోన్ కాదు" అనడం అసలు తప్పుకంటే పెద్ద తప్పులు.

కౌంటర్ దగ్గర

విమానం దిగేముందు ఫోన్, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేయండి. స్క్రీన్ లాక్ చేస్తే సరిపోదు. ఫోన్‌ను మళ్లీ ఆన్ చేశాక పాస్‌కోడ్ కొట్టేదాకా వేలిముద్ర, ముఖం పనిచేయవు, లోపలి డేటాలో ఎక్కువ భాగం తాళం వేసే ఉంటుంది. ఛార్జింగ్ మాత్రం ఉండాలి, ఆన్ చేసి చూపించమంటారు.

అడిగినదానికే జవాబివ్వండి. ఫోన్ తెరవక తప్పకపోతే కోడ్ చెప్పకుండా మీరే కొట్టి ఇవ్వండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. అమెరికా కస్టమ్స్ నిబంధనల ప్రకారం పరికరంలో ఉన్నదే చూడాలి, క్లౌడ్‌లోది కాదు. వస్తువు ఉంచేసుకుంటే రసీదు లేకుండా కదలొద్దు, అందులో సీరియల్ నంబర్ సరిచూసుకోండి. కళ్ల ముందు నుంచి కాసేపు లోపలికి వెళ్లొచ్చిన ఫోన్‌తో పాస్‌వర్డ్‌లు మార్చకండి. ఆ పనికి వేరే ఫోన్ వాడండి.