బటర్‌ఫ్లై వీడ్: నాటాక కదపకుండా పెంచాల్సిన పొట్టి జిల్లేడు చుట్టం

మన జిల్లేడు కుటుంబంలోదే అయినా బటర్‌ఫ్లై వీడ్ ఆకు తుంచితే తెల్లపాలు కారవు, నీళ్లలాంటి రసం వస్తుంది. ఎత్తు అడుగు నుంచి రెండున్నర అడుగులు, పూలు నారింజ రంగు. అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల్లో తనంతట తానే మొలిచే మొక్క. ఊళ్లో జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టినట్టే అక్కడ మొనార్క్ సీతాకోకచిలుక ఈ కుటుంబం మొక్కల మీదే పెడుతుంది. గొంగళిపురుగులకు వేరే తిండి పనికిరాదు.

విత్తనానికి చలి తగలాలి. నవంబరులో నేల మీద చల్లి, పావు అంగుళం మట్టి కప్పి వదిలేయడమే తేలిక. వసంతంలో వేయాలంటే తడి ఇసుకలో కలిపి, కవర్లో కట్టి, 30 నుంచి 60 రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్లో కాదు. ఇసుక పిండితే చుక్క కారకూడదు, కారితే బూజు పడుతుంది. బయటికి తీసి విత్తాక, వెచ్చగా ఉంటే రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి.

దీని తల్లివేరు క్యారెట్‌లా లావుగా, లోతుగా దిగుతుంది. అందుకే లోతైన కుండీలో మొలిపించి, చిన్నగా ఉన్నప్పుడే అడుగున్నర ఎడంతో నాటాలి. ముదిరిన మొక్కను పెకలిస్తే వేరు తెగి చస్తుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. బంకమట్టి అయితే ముతక ఇసుక, కంకర కలిపి ఎత్తుగా మడి కట్టండి. ఎరువు వద్దు, వేస్తే కాడలు వాలిపోతాయి. మొదటి ఏడాది వానలేని వారాల్లో ఒకసారి నీళ్లు చాలు. ఈ మొక్క ఎండకంటే చలికాలపు తడికే ఎక్కువ చస్తుంది, మొదలు కుళ్లి. వసంతంలో అన్నిటికంటే ఆలస్యంగా చిగురిస్తుంది కనుక పక్కన పుల్ల గుచ్చండి. చచ్చిందనుకుని తవ్వేసేవాళ్లే ఎక్కువ. పూలకు రెండు మూడేళ్లు పడుతుంది.

పువ్వును దగ్గరగా చూడండి. పుప్పొడి పొడిలా రాలదు, రెండు పసుపు మూటలు కావడిలా కలిసి ఉంటాయి. పూవులోని సన్న చీలికలో పురుగు కాలు జారితే కావడి దానికి తగులుకుని పక్క పూవుకు చేరుతుంది. బలం చాలని చిన్న తేనెటీగలు అక్కడే ఇరుక్కుపోవడమూ ఉంది.

జిల్లేడు మీద కనిపించే పసుపు పేనుబంకే ఇక్కడా పడుతుంది. వేపనూనె కొట్టొద్దు, గొంగళిపురుగులూ పోతాయి. ముందు ఆకు అడుగున గుండుసూది తలంత మీగడ రంగు గుడ్లున్నాయేమో చూసి, తర్వాత తొడుగేసుకున్న వేళ్లతో పేను తుడిచేయండి. గుడ్డు నాలుగైదు రోజుల్లో పగులుతుంది. రెండు వారాల్లో పురుగులు మొక్కను మోడు చేస్తాయి, అది మళ్లీ చిగురిస్తుంది. ఒక్క మొక్క సరిపోదు, అయిదారు ఉండాలి. గుడ్లకు మొనార్క్ దీనికంటే వేరే జాతుల్ని ఎక్కువ ఇష్టపడుతుంది, కనుక తడి నేలుంటే ఇదే కుటుంబంలోని స్వాంప్ మిల్క్‌వీడ్ కూడా వేయండి.

నర్సరీలో కొంటే పురుగుమందు పట్టించిన మొక్క కాదని అడిగి తీసుకోండి. ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్‌ను దీనికి బదులు తేవద్దు. మంచు పడని చోట అది ఏడాదంతా పచ్చగా ఉండటంతో మొనార్క్‌లకు పట్టే పరాన్నజీవి దానిమీద పేరుకుంటుంది.

కాయ పండబోతుండగా మధ్యలో రబ్బరు బ్యాండు వేయండి. అంచు నొక్కితే విచ్చుకుని, లోపల గింజలు గోధుమరంగులో ఉంటే కోయొచ్చు. దూది విప్పారకముందే గింజలు రాల్చుకోవాలి, లేకపోతే గాలికి పోతాయి. ఆ పని అయ్యాక చేతులు కడుక్కోండి, రసం కంటికి మంచిది కాదు.