ఇంటి చెత్త పాఠాలు – 4: సందు మొదట్లో కుప్పను చదవడం

పోయిన పాఠంలో మూడు బుట్టలు పెట్టుకున్నాం. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. వారం రోజులు చేసినవాళ్లలో ఎక్కువమంది పాల ప్యాకెట్ దగ్గర తికమకపడి ఉంటారు. మూల పూర్తిగా కత్తిరిస్తే ఆ చిన్న ముక్క సింకు జాలీలోనో, చివరికి కాలవలోనో తేలుతుంది. ఓ పక్క అతుక్కుని ఉండేలా గాటు పెట్టండి. ఖాళీ అయ్యాక ఓసారి కడిగి పొడి బుట్టలో వేయండి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో గట్టిగా చుట్టి ఎరుపు బుట్టలోకి. ఇక గుమ్మం దాటుదాం.

ప్రతి సందుకీ ఓ కుప్ప ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కిందో, ఖాళీ స్థలం గోడ పక్కనో, గెడ్డ (వాగు) గట్టు మీదో. శానిటేషన్ వాళ్ల భాషలో దాన్ని జీవీపీ (గార్బేజ్ వల్నరబుల్ పాయింట్) అంటారు, అంటే చెత్త మళ్లీ మళ్లీ పడే చోటు. విశాఖ కంచరపాలెంలో మా సందు కుప్ప ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉండేది. పొద్దున్న ఎత్తేస్తే రాత్రికి మళ్లీ తయారు. గోడకి దేవుడి బొమ్మల టైల్స్ అంటించి చూశాం. ఉమ్మేవాళ్లు ఆగారు గానీ కవర్లు ఆగలేదు, రెండడుగులు పక్కకి జరిగాయంతే.

అందుకే ఫిర్యాదు రాయకముందు కుప్పను చదవడం నేర్చుకోవాలి. మూడు రోజులు, రోజుకి రెండుసార్లు చాలు. రాత్రి పదింటికి ఓసారి, తెల్లవారి ఐదున్నరకి ఓసారి. చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లండి. ఫోన్‌లో ఫొటోలు తీస్తూ నిలబడకండి, గొడవలైపోతాయి. ఎవరు వేస్తున్నారన్నది మనకి అక్కర్లేదు. ఏం పడుతోంది, ఎప్పుడు పడుతోంది అన్నదే కావాలి.

మా సందులో మొదటి రోజే తేలిందేమిటంటే, సగం కవర్లు ఉదయం ఆరింటికి ముందే పడుతున్నాయి. చెత్త బండి వచ్చేది ఎనిమిదింపావుకి. దువ్వాడ సెజ్ కంపెనీలో పనిచేసే ఒకావిడ కవరుతో ఎదురుపడి, నేను అడక్కుండానే చెప్పింది: "కంపెనీ బస్సు ఆరున్నరకి అన్నయ్యా. బండి కోసం కూకుంటే జీతం కోస్తారు. ఇంట్లో ఉంచితే సాయంత్రానికి కంపు. ఏటి సెయ్యమంటారు?" ఆవిడకి కావలసింది తిట్లు కాదు, చెత్త బండికి అందించే మనిషి. వాళ్ల పక్కింటి మామ్మగారి గేటు లోపల మూత ఉన్న బకెట్ ఒకటి పెట్టుకున్నారు. మామ్మగారికి బండి విజిల్ వినడం ఎలాగూ అలవాటే.

రెండో రోజు ఆదివారం. రాత్రికి కుప్పంతా రొయ్యల పొట్టు, చేపల పొలుసులు. ఆదివారం కూర వండుకునే ఊరికి ఇది తప్పదు గానీ ఓ ఉపాయముంది. పొట్టుని పాత డబ్బాలో వేసి మూతపెట్టి, బండి వచ్చేదాకా డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. మా ఆవిడ మొదట అస్సలు ఒప్పుకోలేదు. వంటింట్లో ఈగలు తగ్గాక, ఆ డబ్బాకి తనే ఎర్ర రిబ్బన్ కట్టింది.

మూడో రోజు అసలు పాఠం. కుప్ప ఎత్తేశాక ఖాళీగా ఉన్న నేలని కర్రతో రెండంగుళాలు తవ్వి చూడండి. ముదురు ఎరుపు బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి ఈగల ప్యూపాలు. ఈగ గుడ్డు ఒక్క రోజులోపే పురుగవుతుంది. ఆ పురుగు కొన్నాళ్లు తడి చెత్త తిని, పొడి మట్టిలోకి దిగి ఈ గింజలా మారుతుంది. మన ఉక్కలో గుడ్డు నుంచి ఈగ దాకా ఏడు నుంచి పది రోజులు. పైపైన ఎత్తేసి, సున్నం కలిపిన బ్లీచింగ్ చల్లితే కంటికి తెల్లగా ఉంటుంది గానీ కింద పంట కిందే ఉంటుంది. అడుగు గీకి, ఆ మట్టితో సహా ఎత్తాలి.

అలా గీకుతుంటే నా కర్రకి తగిలింది నీలం రంగు టైల్ ముక్క. దాని పక్కన మరోటి. మా బాత్రూమ్‌వే. రెండేళ్ల కిందట రిపేరు చేయించినప్పుడు మేస్త్రి "అక్కడ పెట్టేయండి సార్, ఎవరో పట్టుకుపోతారు" అంటే, రెండు బస్తాల పెళ్లలు నేనే మోయించి అక్కడ పెట్టించాను. ఎవరూ పట్టుకుపోలేదు. ఆ బస్తాలకి ఆనుకునే మొదటి కవరు పడి ఉంటుంది. అంతకుముందు అక్కడేమీ ఉండేది కాదని మామ్మగారు ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు. ట్రాలీ ఆటో మాట్లాడి, కార్పొరేషన్ చూపించిన చోటికి మిగతా పెళ్లలన్నీ నా ఖర్చుతోనే తరలించాను.

రూల్ నాకు తెలియక కాదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి: ఇంటి చెత్తని వీధిలో గానీ, కాలవలో గానీ, నీటివనరుల్లో గానీ పడేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. మన గెడ్డలూ ఇందులోకే వస్తాయి. కుప్పకి నిప్పు పెట్టే పెద్దమనుషులు ప్రతి వీధిలో ఒకరుంటారు కాబట్టి ఇది కూడా చెప్పండి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ఇంట్లో ఫంక్షన్‌కి వంద మంది దాటితే కనీసం మూడు పనిదినాల ముందు మునిసిపాలిటీకి చెప్పాలని కూడా అవే నిబంధనలు అన్నాయి. మా వీధిలో పెళ్లిళ్లు బోలెడు జరిగాయి, చెప్పినవాళ్లని మాత్రం నేను చూడలేదు.

ఇప్పుడు ఫిర్యాదు. "చెత్త పేరుకుపోయింది, తగు చర్య తీసుకోగలరు" అని రాస్తే వచ్చి ఎత్తేసి, ఫొటో తీసుకుని, సమస్య పరిష్కారమైందని రాసుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, మనం అడిగిందే అది. ఇలా రాయండి: "ఫలానా నంబరు కరెంటు స్తంభం దగ్గర ఉదయం ఆరింటికి ముందు 20 కవర్ల దాకా పడుతున్నాయి. బండి 8.15కి వస్తోంది. వారానికి రెండు రోజులైనా ఆరింటికి ముందు పంపండి. ఎత్తేటప్పుడు అడుగు మట్టి కూడా తీయించండి." వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ఇచ్చి, నంబరుతో రసీదు అడగండి. కదలిక లేకపోతే అదే కాగితం, అదే నంబరుతో సోమవారం జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) గ్రీవెన్స్‌కి పట్టుకెళ్లండి.

కొబ్బరి బోండాలు కనిపిస్తే వెంటనే బోర్లించండి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ గుక్కెడు నీళ్లే ఎక్కువ. ఫాగింగ్‌తో ఎగిరే దోమలే పోతాయి, నీళ్లలో ఉన్నవి అలాగే ఉంటాయి. దోమల సంగతి విడిగా ఓ పాఠం చెప్పుకోవాలి.

ఈ వారం పని ఎలకల గురించి. కుప్ప చుట్టుపక్కల గోడ మొదట్లో బొరియలు వెతకండి. బయట తాజా మట్టి పోసి ఉంటే పందికొక్కు కావచ్చు. మందు పెట్టకండి, చెయ్యి పెట్టకండి. కర్రతో న్యూస్‌పేపర్ ఉండ ఒకటి ప్రతి బొరియలోకి వదులుగా తోసి రండి. మర్నాడు పొద్దున్న ఏ ఉండలు బయటికొచ్చాయో లెక్కపెట్టుకుని నోట్‌బుక్‌లో గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో సిమెంటు, గాజు పెంకులు పట్టుకుని ఆ బొరియల దగ్గరికే వెళ్తాం.